దూకని దున్నకు బంగారు పతకం

ఒక పెద్ద అడవిలో చెట్లు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు కానీ, సంఘాలు మాత్రం అంతకంటే ఎక్కువే ఉండేవి. నీడకో సంఘం, గాలికో సంఘం, రాలిన ఆకులకో సంఘం. ప్రతి సంఘానికీ ఒక అధ్యక్షుడు, ఆ అధ్యక్షుడికి సన్మానం చెయ్యడానికి ఇంకో సంఘం. శాలువా మాత్రం అడవికంతా ఒక్కటే. ఇవాళ ఎలుగుబంటికి కప్పితే, రేపు దాన్నే దులిపి తోడేలుకు కప్పేవారు.

ఆ అడవిలో తరతరాలుగా ఒక ఆచారం ఉంది. పెద్దవాడు పని చెయ్యడు. చేశాడంటే పెద్దవాడు కాదని అర్థం. మృగరాజు సింహం గారు వేటకు వెళ్లి చాలా కాలమైంది. ఎవరైనా వేటాడి తెచ్చి పెడితే, "ఏదో మీ అభిమానం" అంటూ తినేవారు. ఎలుగుబంటి తేనె కోసం స్వయంగా చెట్టెక్కిందని తెలిసి దాని కూతురికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఎవరైనా చెమటలు కారుతూ కనిపిస్తే, "అయ్యో, మంచి కుటుంబమే, ఎందుకిలా అయిపోయారో" అని జాలిపడేవారు.

ఆ అడవి మొత్తానికీ ఎండాకాలంలో దాహం తీర్చేది ఒకటే ఊటమడుగు. దానికి ఒక అధికారి ఉండేవాడు. ఎవరు ఎప్పుడు నీళ్లు తాగాలో చెప్పడం, మడుగులో పేరుకున్న పూడిక తీయించడం అతని ఉద్యోగం. చాలా ఏళ్లపాటు ఆ పదవిలో ఒక ముసలి అడవిపంది ఉండేది. అది బురదలో సరదాగా పొర్లుతూనే పూడికంతా ఎత్తిపోసేది. తాను చేసేది పని అని దానికి తెలియదు, తెలిసినవాళ్లు చెప్పలేదు. ఆ పంది పోయిన సంవత్సరం పోయింది. పదవి ఖాళీ అయింది.

నీళ్ల దగ్గర వరస ఒంటి సైజును బట్టి. ముందు పెద్దవాళ్లు, తర్వాత వాళ్ల బంధువులు, ఆ తర్వాత వాళ్ల బంధువులమని చెప్పుకునేవాళ్లు. కృష్ణజింకల వంతు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటి, మడుగులో బురద మిగిలేది. కిందటి ఎండాకాలం ఆ బురద కూడా దొరక్క జింకల మందలో ఇద్దరు పిల్లలు చచ్చిపోయారు. అందులో ఒకటి చెంగయ్య కూతురు.

చెంగయ్య అనే ఆ కృష్ణజింక దూకడంలో దిట్ట. తోడేళ్లు తరిమిన ప్రతిసారీ ఎంత పొద ఉంటే అంత పొద మీదుగా దూకి బతికినవాడు. అందుకని, ఆ సంవత్సరం అంతర్జాతీయ అడవుల క్రీడోత్సవాలు మన అడవిలోనే జరగబోతున్నాయనీ, మగవాళ్ల హైజంప్ ఫైనల్లో మన అడవి తరఫున ఎవరు ముందుంటే వాళ్లకే మడుగు అధికారి పదవి అనీ సింహం గారు ప్రకటించగానే, అతని గుండె ఝల్లుమంది.

"ఏమయ్యా, ఆ పదవి నీకొస్తే మన పిల్లలు పొద్దున్నే తాగొచ్చా?" అని అడిగింది భార్య ఎర్రమ్మ.

"పొద్దున్నే తాగొచ్చు. తేటనీళ్లు."

"అయితే దూకు. మేత సంగతీ, మంద సంగతీ నేను చూసుకుంటా. నువ్వు దూకు, అంతే."

ఆ రోజు నుంచి చెంగయ్య దూకుతూనే ఉన్నాడు.

క్రీడా సంఘం అధ్యక్షుడు అడవిదున్న మహిషేశ్వరరావు గారు. ఆయన పుట్టాక పరుగెత్తింది ఒక్కసారే, అదీ తేనెటీగలు వెంటపడితే. ఆయనకు ధీరేంద్ర అని ఒక్కగానొక్క కొడుకు. దారిలో చిన్న దుంగ అడ్డం పడి ఉంటే, ఎవరైనా వచ్చి తీసేదాకా అక్కడే నిలబడి నెమరు వేసే రకం. మహిషేశ్వరరావు గారు సంఘం కార్యదర్శి నక్క నరహరిని పిలిపించారు.

"నరహరీ, ఆ మడుగు పదవి మావాడికి రావాలయ్యా."

"ఇంకెవరికొస్తుంది సార్, వచ్చేసినట్టే అనుకోండి. బాబు గారు ఎంత ఎత్తు దూకుతారు?"

"దూకడమా? వాడికేం ఖర్మ!"

నక్క కాసేపు తోక నిమురుకుంది. "సార్, పోయినసారి దక్షిణ దీవిలో పోటీలకు మన అడవి తరఫున నేను వెళ్లాను గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? ఆటగాళ్లెవరూ రాలేదు కదా ఆసారి."

"మేనేజర్లమే పడవ నిండిపోయాం సార్, వాళ్లకు చోటు చాల్లేదు. అక్కడ హైజంప్ చూశాను. కర్ర కిందుగా ఉన్నప్పుడు గొప్ప ఆటగాళ్లు దూకరు. 'ఈ ఎత్తు వదిలేస్తున్నాను' అని చెప్పి కూర్చుంటారు. బలం దాచుకుని, కర్ర పైకి వెళ్లాక దూకుతారు. రూల్సు ఒప్పుకుంటాయి."

"అయితే?"

"మన బాబు గారు కూడా వదిలేస్తారు."

"ఏ ఎత్తు?"

"అన్నీ."

మహిషేశ్వరరావు గారు నెమరు ఆపేశారు. "అన్నీ వదిలేస్తే ఓడిపోయినట్టు కాదటయ్యా?"

"ఓడిపోవాలంటే కర్ర పడాలి సార్. కర్ర పడాలంటే దూకాలి. అసలు దూకనివాణ్ణి ఎవడు ఓడిస్తాడు?"

మహిషేశ్వరరావు గారు నరహరిని అప్పటికప్పుడు ఉపాధ్యక్షుణ్ణి చేసేశారు.

ఫైనల్ రోజు వచ్చింది. మన అడవి తరఫున ధీరేంద్ర, చెంగయ్య. పడమటి అడవి నుంచి ఒక చిరుత, దక్షిణ దీవి నుంచి ఒక కంగారూ. ఎక్కడో దూరపు సరస్సు నుంచి వచ్చిన కొంగ గారు న్యాయనిర్ణేత. కర్ర ఎంత ఎత్తులో పెట్టాలో కొలవడానికి ఒక ఏనుగును తెచ్చి పక్కన నిలబెట్టారు. మొదట మోకాలి ఎత్తు, తర్వాత పొట్ట, ఆ తర్వాత దంతం, కన్ను, కుంభస్థలం. ఏనుగుకు మాత్రం ఎవరూ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు, కొలబద్దకు దాహమేమిటని.

పోటీకి ముందు ప్రారంభోత్సవం. కోకిల ప్రార్థన పాడింది. తోడేలు స్వాగతం పలికింది. మహిషేశ్వరరావు గారు క్రీడలకూ సంస్కారానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. అంతసేపూ ఒళ్లు వేడి చేసుకుని సిద్ధంగా ఉన్న ఆటగాళ్లు ఎండలో నిలబడ్డారు. ఆయన ముగించేసరికి వాళ్ల ఒళ్లు చల్లారిపోయింది, నెత్తి మాత్రం మాడిపోయింది.

మొదటి ఎత్తు, ఏనుగు మోకాలు. చెంగయ్య చెంగున దాటాడు. చిరుత దాటింది. కంగారూ పిల్లకాలువ దాటినట్టు దాటింది. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు.

ధీరేంద్ర వంతు వచ్చింది. తాపీగా నడిచి కర్ర దాకా వెళ్లాడు. దాన్ని పైనుంచి కిందికి చూశాడు. కాస్త వాసన చూశాడు. తర్వాత నక్క నేర్పిన మాట అప్పజెప్పాడు.

"ఈ ఎత్తు వదిలేస్తున్నాను."

చివరి వరసలో కూర్చున్న నరహరి ముందుగా చప్పట్లు కొట్టాడు. పక్కనున్నవాళ్లు ఎందుకో తెలియకపోయినా అందుకున్నారు. వ్యాఖ్యాతగా ఉన్న చంపకం అనే చిలక కొమ్మ మీద నుంచి ఎగిరెగిరి పడింది.

"చూశారా ప్రేక్షకులారా! ముగ్గురు దూకారు, ఒక్కడు మాత్రం దూకలేదు! ఆ నిరాకరణలో ఎంత గాంభీర్యం! ఈ ఎత్తు తన కాలిగిట్టకు కూడా చాలదని ఒక్క మాటలో తేల్చేశాడు!"

వేదిక మీద సింహం గారు కళ్లు తెరిచారు. "ఎవరా అబ్బాయి? పని ముట్టుకోవడం లేదే. పెద్దింటి బిడ్డలా ఉన్నాడు."

"మావాడే ప్రభూ" అన్నారు మహిషేశ్వరరావు గారు, సిగ్గుపడుతున్నట్టు.

"మరి ఎండలో నిలబెట్టారేం? పైకి పిలవండి."

ధీరేంద్రకు వేదిక మీద కుర్చీ వేశారు. కొబ్బరిబోండం కొట్టి ఇచ్చారు. శాలువా కూడా కప్పేవారే, కానీ అది అప్పుడు మహిషేశ్వరరావు గారి ఒంటి మీద ఉంది.

రెండో ఎత్తు, పొట్ట. చెంగయ్య దాటాడు. చిరుత, కంగారూ దాటారు. ధీరేంద్ర ఈసారి కుర్చీలోంచి లేవకుండానే తల అడ్డంగా ఊపాడు. జనం మొదటిసారి కంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. దాటివచ్చిన ముగ్గురికి మాత్రం ఎవరూ కొట్టలేదు, చేతులు నొప్పెట్టాయేమో.

మూడో ఎత్తు, దంతం. కంగారూ పరుగుకు సిద్ధమై, ఒకసారి వేదిక వైపు చూసింది. అక్కడ నీడ. నెమలి విసురుతోంది. ధీరేంద్ర రెండో బోండం తాగుతున్నాడు.

"ఇంత చిన్న ఎత్తుకు నేను ఎగిరితే మా దీవి పరువేం కావాలి?" అని కంగారూ కొంగను అడిగింది. "వదిలేస్తున్నాను."

కంగారూకు కూడా కుర్చీ వచ్చింది.

చిరుత మీసం దువ్వుకుంది. అది ఈ ఎత్తును నిద్రలో కూడా దాటగలదు. ఆ మాటకొస్తే అప్పటికి అక్కడ ఉన్నవాళ్లలో అందరికంటే పైకి ఎగరగలిగింది అదే. "ఒక దున్న వదిలేసిన ఎత్తును చిరుత దూకిందని రేపు మా అడవిలో తెలిస్తే తలెత్తుకోగలనా?" అనుకుంది. అదీ వదిలేసింది. దానికీ కుర్చీ వేశారు.

మైదానంలో చెంగయ్య ఒక్కడే మిగిలాడు. దంతం ఎత్తు దాటి, గడ్డికుప్ప మీద పడి, లేచి దులుపుకునేసరికి నక్క నరహరి పక్కన నిలబడి ఉన్నాడు.

"ఎందుకు నాయనా ఈ శ్రమ? చూడు, ఒళ్లంతా చెమట. నలుగురూ ఏమనుకుంటున్నారో విన్నావా? నువ్వూ వదిలేస్తున్నానని ఒక్క మాట అను. చివర్లో నీకూ ఒక కుర్చీ వేయిస్తా."

"నాకు కుర్చీ వద్దండి. నీళ్లు కావాలి."

"పిచ్చివాడా, నీళ్లు ఎక్కడున్నాయనుకున్నావు? కుర్చీలోనే ఉన్నాయి."

చెంగయ్యకు ఒక్క క్షణం ఆ మాట నిజమేననిపించింది. అడవిలో పుట్టి పెరిగినవాడు, అతనికి మాత్రం తెలియదా? కానీ దూరంగా, మైదానం చుట్టూ కట్టిన తీగ అవతల, ఎర్రమ్మ నిలబడి ఉంది. మందలో బతికున్న పిల్లలందరినీ వెంట తెచ్చుకుంది. చచ్చిపోయిన కూతురు ఉండి ఉంటే ఎర్రమ్మ ఎడమపక్కన ఉండేది. ఆ పక్క ఖాళీగానే వదిలి నిలబడింది ఎర్రమ్మ.

"దూకుతానండి" అన్నాడు.

"నీ ఇష్టం" అని నక్క వెళ్లిపోయింది.

కన్ను ఎత్తు. మొదటిసారి చెంగయ్య వెనక గిట్టలు తగిలి కర్ర పడింది. రెండోసారీ పడింది. మూడోసారి పడితే ఇక ఇంటికే. అతను వెనక్కి వెనక్కి వెళ్లి, తల కిందికి దించి, పరుగు తీశాడు. తోడేళ్లు తరిమినప్పుడు కూడా అంత పరుగు తీయలేదు. గాల్లో నడుము విరిచి, కొమ్ములు వీపుకు ఆనించి, కర్ర మీదుగా జారినట్టు దాటాడు. కర్ర వణికింది కానీ పడలేదు.

తీగ అవతల జింకలు ఎగిరి గంతులేశాయి. ఏనుగు కూడా నోరు తెరిచి "శభాష్" అనబోయి, తాను కొలబద్దనని గుర్తొచ్చి ఊరుకుంది. తక్కిన జనం మాత్రం జాలిగా చూశారు.

"పాపం, ఇంకా దూకుతూనే ఉన్నాడు" అంది ఒక కొండముచ్చు.

"ఏం చేస్తాడు, వెనక ఎవరూ లేరు కదా" అంది ఇంకొకటి.

తర్వాతి ఎత్తు, కుంభస్థలం. చెంగయ్య కాళ్లలో సత్తువ అయిపోయింది. మూడుసార్లు దూకాడు, మూడుసార్లూ కర్ర పడింది. చిలక చంపకం గొంతు చించుకుంది.

"ఓటమి! చెంగయ్య ఓటమి! ఇవాళ్టి ఫైనల్లో ఓడిపోయిన ఏకైక ఆటగాడు!"

వేదిక మీది ముగ్గురూ కుంభస్థలాన్ని కూడా వదిలేశారు. ఇక ఏనుగును తొండం ఎత్తమన్నారు. ఆ ఎత్తునూ వదిలేశారు. ఏనుగును పుట్ట ఎక్కించారు. వదిలేశారు. గుట్ట ఎక్కించారు. వదిలేశారు. వదిలేసిన ప్రతిసారీ జనం లేచి నిలబడి కేకలు వేశారు. కొందరు ఆడదున్నలు స్పృహ తప్పారు.

"అయ్యా, తొండం పీకేస్తోంది" అని ఏనుగు మొరపెట్టుకుంది. కొంగ గారే కర్రను ముక్కున కరుచుకుని ఆకాశంలోకి ఎగిరారు. ఎంత పైకి వెళ్లారంటే కింద ఉన్నవాళ్లకు కొంగ కనబడలేదు, కర్రా కనబడలేదు.

"కనబడని ఎత్తు!" అని అరిచింది చిలక. "దాన్ని కూడా మన ధీరేంద్ర తృణీకరించాడు!"

సూర్యుడు కుంకాక కొంగ గారు ఒగరుస్తూ దిగివచ్చి ఫలితం చెప్పబోయారు.

"అందరికంటే ఎక్కువ ఎత్తు దాటినవాడు చెంగయ్య. కనుక మొదటి స్థానం అతనిదే. చిరుత, కంగారూ రెండో స్థానం. ధీరేంద్ర గారు ఏ ఎత్తూ దాటలేదు కాబట్టి ఆయనకు స్థానం లేదు."

మహిషేశ్వరరావు గారు నరహరి వైపు గుడ్లురిమి చూశారు. నరహరి లేచి నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"న్యాయమూర్తి గారికి ఒక చిన్న మనవి. చెంగయ్య ఎన్నిసార్లు కర్ర పడగొట్టాడు?"

"అయిదుసార్లు."

"మా బాబు గారు?"

"ఒక్కసారీ లేదు. అసలు ఆయన దూకితే కదా..."

"అంతే చాలండి. అయిదుసార్లు కర్ర పడగొట్టినవాడు గెలిచినట్టా, జన్మలో ఒక్క కర్ర కూడా పడగొట్టనివాడు గెలిచినట్టా? ఇంత పరిశుద్ధమైన చరిత్ర ఇంకెవరికైనా ఉందా? మహాప్రభువులే సెలవివ్వాలి."

సింహం గారు తీర్పు చెప్పడానికి ఒక కమిటీ వేశారు. కమిటీలో వేదిక మీద కూర్చున్నవాళ్లే ఉన్నారు, ఎందుకంటే కుర్చీలున్నది వాళ్లకే. ఈలోగా కొంగ గారిని రాజుగారి ఇంట చేపల విందుకు తీసుకెళ్లారు. విందు నుంచి తిరిగొచ్చేసరికి కొంగ గారికి రూల్సన్నీ మరోలా గుర్తొచ్చాయి.

వదిలేసిన ముగ్గురికీ బంగారు పతకాలు ఇచ్చారు. ఆతిథ్యం ఇచ్చిన అడవి కనుక ధీరేంద్ర పేరు మొదట చదివారు. మడుగు అధికారి పదవి అతనికే ప్రకటించారు. చెంగయ్యకు "పాల్గొన్నందుకు" అని ఒక అరటిగెల ఇవ్వబోయి, అంతలో కొండముచ్చులు దాన్ని తినేశాయని తెలిసి క్షమాపణ చెప్పారు.

చెంగయ్య వెనుదిరిగాడు. ఏడుపు వస్తే జనం ముందు ఏడవకూడదని పళ్లు బిగించుకుని తీగ దాటాడు. ఎర్రమ్మ అతని మెడ మీది చెమట నాకింది.

"నువ్వు దాటావు. నేను చూశాను" అంది.

అప్పుడు వెనక నుంచి చిరుత వచ్చింది. మెడలో పతకం ఉంది కానీ ముఖంలో కళ లేదు. జింకలు బెదిరి దూరం జరిగాయి.

"భయపడకండి. ఒక మాట చెప్పి పోతాను" అంది చిరుత. "ఇవాళ చివరిదాకా దూకింది నువ్వొక్కడివే. నేను కుర్చీ చూసి పాడైపోయాను. సిగ్గుగా ఉంది. ఇక్కడ నీకు నీళ్లు దక్కకపోతే మా పడమటి అడవికి రా."

"వస్తే నువ్వు నన్ను తినవా?"

"తింటాను. అబద్ధమెందుకు? కానీ నీళ్ల రేవులో తినను. మా దగ్గర ముందు వచ్చినవాడు ముందు తాగుతాడు, కుందేలైనా సరే, నేనైనా సరే. తాగి మలుపు దాటాక ఎవరి కాళ్లు వాళ్లవి."

చెంగయ్యకు ఆ రోజంతటిలో విన్న మాటల్లో అదొక్కటే మర్యాదగా అనిపించింది.

ఇక ధీరేంద్ర ఉద్యోగం సంగతి. చేరిన మొదటి నెలలోనే మడుగులో కాస్త పూడిక పేరింది. గట్టు మీది తాబేలు వచ్చి చెప్పింది.

ధీరేంద్ర పూడికను పైనుంచి కిందికి చూశాడు. "ఈ మాత్రం పూడికకు నేను రావాలా? వదిలేస్తున్నాను. పెద్దది పేరాక చెప్పు."

పేరాక మళ్లీ చెప్పింది. అదీ వదిలేశాడు. కింది ఉద్యోగులు అతన్ని చూసి నేర్చుకున్నారు. అంతర్జాతీయ విజేత ముట్టుకోని పూడికను మనం ముట్టుకుంటే అది ధిక్కారమవుతుందని వాళ్లూ వదిలేశారు. ఊట కన్నులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. నీళ్లు ముందు గట్టుకు దూరమయ్యాయి, తర్వాత మడుగు మధ్యకు తగ్గిపోయాయి.

జింకలు పొద్దున పూట వంతు కావాలని అర్జీ పెట్టుకున్నాయి. "ఇంత చిన్న అర్జీ నా దాకా ఎందుకు తెచ్చారు?" అని ధీరేంద్ర దాన్ని వదిలేశాడు.

ఎండలు ముదిరేసరికి జింకల వంతులో బురద కూడా లేదు. ఒక ఉదయం చెంగయ్య మందను తీసుకుని సరిహద్దుకు బయల్దేరాడు. రెండు అడవుల మధ్యా కందకం, కందకం మీద వంతెన. వంతెన కాపలాదారు ముళ్లపంది ముళ్లు నిక్కబొడిచింది.

"మడుగు అధికారి గారి అనుమతి ఉందా?"

"ఆయన వదిలేశారండి."

"అయితే నేను వదలను."

చెంగయ్య కందకం అంచుకు వెళ్లి చూశాడు. వెడల్పుగా, లోతుగా ఉంది. పోటీలు అయిపోయినప్పటి నుంచి పిల్లలందరికీ రోజూ తీగ కట్టి దూకడం నేర్పుతున్నాడు. ఇక్కడ మాత్రం తగిలితే పడేది కర్ర కాదు.

ముందు తను దూకి అవతల నిలబడ్డాడు. ఒక్కొక్కరే దూకారు. అందరికంటే చిన్నపిల్ల అంచు దాకా వచ్చి ఆగిపోయింది. ఎర్రమ్మ వెనక నుంచి నెట్టలేదు. దాని చెవి దగ్గర వంగి, "నీళ్లు అవతల ఉన్నాయే తల్లీ" అంది. పిల్ల దూకింది. ముందు కాళ్లు గట్టున పడ్డాయి, వెనక కాళ్లు జారాయి. చెంగయ్య మెడపట్టు నోట కరిచి పైకి లాగాడు. ముళ్లపంది ఆ ముచ్చటంతా చూసి, తన పరిధి వంతెన వరకేనని ఊరుకుంది.

పడమటి అడవి రేవులో వరస ఉంది. జింకలు కుందేళ్ల వెనక నిలబడ్డాయి. వాటి వెనక చిరుత వచ్చి నిలబడింది. ఎవరూ ఎవరినీ తోసుకోలేదు. పిల్లలు కడుపు ఉబ్బేదాకా తాగాయి. ఎర్రమ్మ తాగడం మరిచిపోయి వాటినే చూస్తూ నిలబడింది.

ఆ తర్వాతి క్రీడోత్సవాలు పడమటి అడవిలోనే జరిగాయి. చెంగయ్య పడమటి అడవి తరఫున దూకాడు. కడుపునిండా నీళ్లు తాగి సత్తువ పుంజుకున్నాడేమో, కుంభస్థలం ఎత్తు మొదటిసారే దాటాడు. చిరుత అతని తర్వాత దూకి, ఓడిపోయి, అతని వీపు తట్టింది. బంగారు పతకం చెంగయ్య మెడలో పడింది.

కబురు మన పెద్ద అడవికి చేరింది. అప్పటికి అక్కడ మడుగు ఒట్టి గుంట అయింది. సింహం గారు పొద్దున్నే లేచి ఆకుల మీది మంచు నాకుతున్నారు, అదీ ఎవరూ చూడకుండా. కబురు వినగానే అడవంతా ఉలిక్కిపడి లేచింది.

"చెంగయ్యా? మన చెంగయ్యే!" అని అరిచింది చిలక చంపకం, ఎండిన గొంతుతో.

"వాడిలో ప్రతిభను మొట్టమొదట గుర్తించింది నేనే" అన్నారు మహిషేశ్వరరావు గారు. "మావాడితో కలిసి ఫైనల్ ఆడాడు. ఆ స్ఫూర్తే వాణ్ణి ఇంతవాణ్ణి చేసింది."

"పరాయి అడవిలో మన అడవి సత్తా!" అన్నాడు నక్క నరహరి. అప్పటికప్పుడు చెంగయ్య అభినందన సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు ధీరేంద్ర. చెంగయ్య అందుబాటులో లేడు కనుక అతని తరఫున శాలువా కూడా ధీరేంద్రే కప్పించుకున్నాడు.

సన్మానం అయ్యాక అందరికీ దాహం గుర్తొచ్చింది. సింహం గారు, మహిషేశ్వరరావు గారు, నరహరి కలిసి కందకం దగ్గరికి వెళ్లి చెంగయ్యను పిలిపించారు.

"బాబూ చెంగయ్యా, ఎంతైనా నువ్వు ఈ మట్టిలో పుట్టినవాడివి" అన్నాడు నరహరి. "మహారాజు గారే స్వయంగా వచ్చారు. మీ రేవు వాళ్లకు ఒక మాట చెప్పి, మాకు కాస్త నీళ్లు పంపించే ఏర్పాటు చూడు."

చెంగయ్య దండం పెట్టాడు. "పంపించడమెందుకండి, తమరే రండి. మా వైపు వంతెన తెరిచే ఉంటుంది, ఎవరినీ ఆపరు. ఇప్పుడు ఉడతలు తాగుతున్నాయి. వాళ్ల వెనక నిలబడితే మీ వంతు తొందరగానే వస్తుంది."

"ఉడతల వెనకా?" అన్నారు సింహం గారు.

"అవునండి. ముందొచ్చాయి కదా."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అవతల నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. మహిషేశ్వరరావు గారి నాలుక బయటికి వేలాడుతోంది. కానీ ఎవరూ వంతెన వైపు అడుగు వెయ్యలేదు. కాసేపు అక్కడే నిలబడి, గుటకలు మింగి, ఈ విషయం మీద ఒక కమిటీ వేద్దామని వెనక్కి తిరిగారు.

తిరిగొచ్చి, కందకం ఇవతల పెద్ద తోరణం కట్టించారు. "ఇది చెంగయ్య పుట్టిన గడ్డ" అని దాని మీద రాయించారు. ఆవిష్కరణ రోజున అడవంతా కదిలివచ్చింది. చెంగయ్యకు జై కొట్టమని నరహరి చెయ్యెత్తాడు. అందరూ నోళ్లు తెరిచారు. గొంతులు ఎండిపోయి ఒక్కరి నోటా శబ్దం రాలేదు.

నీతి: మన అడవిలో మనవాడు అనిపించుకోవాలంటే, ముందు పక్క అడవికి వెళ్లిపోవాలి.